పాత జీపు - కొత్త జన్మ



ధమ్మ బంధువులారా,

ఈసారి మీతో ఒక పాత జీపు గురించి మాట్లాడాలి. ధమ్మం చెప్పాల్సిన చోట బండి గోల ఏమిటని విసుక్కోకండి. బౌద్ధానికీ బండికీ రెండు వేల ఏళ్లకు పైబడిన చుట్టరికం ఉంది. అక్కడికి వస్తాను. ముందు జీపు సంగతి వినండి.

మాది కురుపాం. మా నాన్న డ్రైవరు. ఒక ప్రభుత్వ ఆఫీసు వాళ్లు ఇక పనికిరాదని వేలం వేసిన మహీంద్ర జీపును అప్పు చేసి కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు ఉంది చూడండి, దాని తయారీ హక్కు తెచ్చుకుని మహీంద్ర వాళ్లు మన దేశంలో చేసిన జీపులివి. ఆ రోజుల్లో మా కొండదారికి అంతకుమించిన బండి లేదు. పార్వతీపురం నుంచి కురుపాం, కురుపాం నుంచి గుమ్మలక్ష్మీపురం, సంత రోజున ఇంకా పైకి. పది మంది పట్టే బండిలో ఇరవై మంది. పదిహేనేళ్ల వయసులో నేను దానికి క్లీనర్ని. వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఊళ్ల పేర్లు అరిచేవాణ్ణి. ఆ జీపు సంపాదనతోనే నాన్న నన్ను బి.ఏ. చదివించాడు.

నాన్న పోయాక జీపు మా ఇంటి పక్క చింతచెట్టు కింద పదకొండేళ్లు పడి ఉంది. కోళ్లు దాంట్లో గుడ్లు పెట్టేవి. మన సంఘం పనికి కొండ ఊళ్లకు తిరగడానికీ, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లడానికీ ఒక బండి ఉంటే బాగుంటుందని నిరుడు అనుకున్నాం. కొత్తది కొనే స్తోమత లేదు. నాన్న జీపునే బాగు చేయిద్దామని నిర్ణయించాను.

1. రంగు కింద ఏముంది?

మొదట ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. పేరు అనవసరం. తప్పులో సగం నాది, ఎందుకంటే తక్కువలో అవ్వాలని పట్టుబట్టింది నేనే. పదిహేను రోజుల్లో బండి ఇచ్చేశారు. నీలం రంగు, అద్దంలా మెరుపు. పేటంతా వచ్చి చూశారు. బానెట్ మీద ధమ్మచక్రం వేయించాను. ఫోటోలు తీసుకున్నాం.

వానాకాలం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే తలుపుల కింద, మడ్‌గార్డుల మీద బొబ్బలు లేచాయి. గోరుతో గీకితే రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద వేలెడు మందాన లప్పం. లప్పం కింద రేకు లేదు, ఎర్రటి పొడి ఉంది. నేను వేయించిన ధమ్మచక్రం మధ్యలో కూడా ఒక బొబ్బ.

రెండోసారి ఒక ముసలి టింకరింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బండి చుట్టూ తిరిగి, స్క్రూడ్రైవరు పెట్టి ఒక చోట పొడిచాడు. అది పిడి దాకా దిగిపోయింది.

"బాబూ, రంగేస్తే తుప్పు పోదు. కనబడకుండా పోతాది, అంతే. లోపల్లోపల తింటానే ఉంటాది. పాడైన రేకంతా కోసీవాలి. నీకు గుండె ఉంటే చెప్పు, నేకపోతే తీసుకుపో" అన్నాడు.

ఆయన చెప్పింది చదువుకున్న వాళ్లకు తెలిసిన రసాయనశాస్త్రమే. ఇనుము, గాలిలోని ఆక్సిజను, నీళ్లు కలిస్తే తుప్పు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే కింద నుంచి పొంగి పై రంగును లేపేస్తుంది. పై పూతకి ఎక్కడన్నా చిన్న పగులొస్తే చాలు, తేమ లోపలికి దిగుతుంది. లప్పం దాన్ని పీల్చుకుని రేకుకు అందిస్తుంది. అంటే తుప్పును దాచడానికి పూసిందే తుప్పుకు తిండి పెడుతుంది.

"కోసెయ్యండి" అన్నాను.

మూడు నెలలు పట్టింది. పాత రంగంతా గీకారు. పుచ్చిన రేకు కోసి కొత్త రేకు అతికి, గ్యాస్ వెల్డింగ్ చేసి, సుత్తితో సాపు చేశారు. రెడ్ ఆక్సైడ్ కొట్టి, అవసరమైన చోట మాత్రం పల్చగా లప్పం పెట్టి, నీళ్లు చల్లుతూ కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, చివరికి రంగు. వైరింగ్ కొత్తది. సీట్లు కొత్తవి. కమాను పట్టీలు, బుష్‌లు, బ్రేకులు కొత్తవి. ఇంజను ఎప్పుడో మారిపోయింది. అసలు పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను దింపించింది నాన్నే. లెక్క చూస్తే పాత జీపులో మిగిలినవి ఛాసీ, స్టీరింగు, బానెట్టులో సగం.

బండి ఇంటికి వచ్చిన రోజు మా వీధి పెద్దమ్మ ఒకామె దాని చుట్టూ తిరిగి అడిగింది: "అన్నీ మార్చీసినావు గదా నాయనా, ఇంక ఇది మీ నాన్న జీపేనేటి?"

నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మీరూ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అది మా నాన్న జీపేనా? ఔనంటే, దాంట్లో మిగిలిన నాన్న జీపు ఏది? కాదంటే, ఎప్పుడు కాకుండా పోయింది? తలుపు మార్చినప్పుడా? ఇంజను దింపినప్పుడా?

2. రథం ఏది?

ఈ ప్రశ్న మన పెద్దలు ఎప్పుడో అడిగారు. గ్రీకు వంశానికి చెందిన మిళింద రాజు, అంటే మినాండరు, క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో సాగల నగరం నుంచి పాలించాడు. అది ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ అంటారు. భిక్షువు నాగసేనుడితో ఆయన చేసిన సంవాదమే 'మిళింద పన్హ'. అందులో నాగసేనుడు రాజుని అడుగుతాడు: నువ్వు ఇక్కడికి నడిచి వచ్చావా, రథం మీద వచ్చావా? రథం మీదే అంటాడు రాజు. అయితే రథం ఏదో చూపించు. ఇరుసా? చక్రాలా? కాడా? పగ్గాలా? ఏదీ కాదు. ఇవన్నీ కుప్ప పోస్తే రథమా? అదీ కాదు. వీటికి వేరుగా ఇంకెక్కడైనా రథం ఉందా? లేదు. చివరికి రాజే ఒప్పుకుంటాడు: ఈ భాగాలన్నీ ఒక తీరుగా కూడినప్పుడు మనం వాడే పేరు రథం. నాగసేనుడనే పేరు కూడా అంతేనంటాడు భిక్షువు.

ఈ ఉపమానం నాగసేనుడికంటే ముందే ఉంది. సంయుత్త నికాయంలో వజిర అనే భిక్షుణి మారుడికి చెప్పిన జవాబు ఇదే. ఈ ప్రాణిని చేసిందెవరు, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందని మారుడు భయపెట్టబోతే, భాగాల కూర్పునే రథమన్నట్టు స్కంధాల కూర్పునే ప్రాణి అంటారని ఆమె తేల్చి చెప్పింది. మన ఆడపిల్లలకు ఈ పేరు చెప్పండి.

దీన్నే అనత్త అన్నారు. మనిషిలో మారకుండా, చెరగకుండా కూర్చున్న ఆత్మ అనేదేదీ లేదు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. ఈ అయిదూ క్షణక్షణం మారుతూ ఉండే కూర్పే మనిషి.

ఇది పండితుల వాదమని తీసిపారేయకండి. మనకు ఇది ప్రాణంతో సమానమైన మాట. ఎందుకో చెప్తాను.

3. అంకెలు కలిశాయా?

మా అన్న కొడుకు ఫోనులో అమెరికా వాళ్ల వీడియోలు చూస్తాడు. 1960లలో అక్కడ పెద్ద ఇంజన్లతో వచ్చిన పాంటియాక్ జీటీఓ, డాడ్జ్ ఛార్జర్ లాంటి కార్లను మజిల్ కార్లంటారు. కండబలం కార్లన్నమాట. తుప్పు పట్టి పడి ఉన్న వాటిని షెడ్డుల్లో బాగు చేసి మళ్లీ రోడ్డెక్కిస్తారు. మా వాడు ఒక సంగతి చెప్పాడు. ఫ్యాక్టరీలో ఆ కారుకి ఏ ఇంజను పెట్టారో అదే ఇంజను ఇంకా ఉంటే, ఛాసీ అంకెలూ ఇంజను అంకెలూ కలిస్తే, దానికి ధర చాలా ఎక్కువట. ఇంజను మారిందంటే, ఎంత బాగా పరుగెత్తినా ధర పడిపోతుందట. మన దేశంలోనూ 2021లో వింటేజి వాహనాలకు ప్రత్యేక నమోదు పెట్టారు. 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు.

"బాబాయ్, తాత ఇంజను మార్చకుండా ఉండాల్సింది, విలువ ఉండేది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు జలదరించింది. ఇంజను నడుస్తోందా అని అడగడం లేదు, ఎక్కడ పుట్టిందని అడుగుతున్నారు! కారుకి అలా అడిగితే నష్టం లేదు. అది దాచుకునే వస్తువు, వాళ్ల ముచ్చట వాళ్లది. కాని మనుషుల్ని అలాగే అడిగిన దేశం మనది. నీ నడత ఏమిటని అడగలేదు. నీ చదువేమిటని అడగలేదు. ఏ ఇంట పుట్టావు, ఏ పేట నీది? పుట్టుక అంకె కలిస్తే పీటేశారు, కలవకపోతే గుమ్మం బయట నిలబెట్టారు.

ఆ అంకె మనిషిలో ఎక్కడ చెక్కి ఉంది? రూపంలోనా? వేదనలోనా? విజ్ఞానంలోనా? నాగసేనుడు రథాన్ని వెతికినట్టు కులాన్ని వెతకండి. ఎక్కడా దొరకదు. జీపు మీద ఒకడు పూసిన రంగులాంటిది కులం. అది మన లోహంలో పుట్టింది కాదు, బయటివాడు పూసింది. పూర్వజన్మలో చేసుకున్న కర్మ వల్ల ఈ పుట్టుక వచ్చిందని చెప్పడం ఆ రంగు చెరిగిపోకుండా మీద వేసిన పాలిష్. బాబాసాహెబ్ 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో దీన్నే విప్పి చెప్పారు. ఆయన పరినిర్వాణం తరువాత 1957లో వచ్చిన ఆ గ్రంథం ముందుమాటలోనే ఆయన చిక్కుప్రశ్న వేశారు: బుద్ధుడు ఆత్మ లేదన్నాడు, కర్మ, పునర్జన్మ ఉన్నాయన్నాడు అంటారు. ఆత్మ లేకపోతే అవెలా పొసుగుతాయి? దానికి గ్రంథంలో ఆయన ఇచ్చిన వివరణలో గత జన్మ పాపం ఈ జన్మ పేదరికంగా, హీనకులంగా వెంటబడుతుందన్న వాదానికి చోటు లేదు. కమ్మ నియమం లోకంలోని నైతిక క్రమానికి సంబంధించినదేగాని ఒక్కొక్కరి నుదుటి రాత కాదు.

అందుకే 1956 అక్టోబరు 14న నాగపూరులో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి, ఈ దీక్షతో నాకు కొత్త జన్మ కలిగిందని నమ్ముతున్నానన్నది. నేను దీక్ష తీసుకున్న రోజున ఆ ప్రతిజ్ఞ దగ్గర గొంతు పూడుకుపోయింది. మీలో చాలామందికి అలాగే జరిగి ఉంటుంది. ఎవరో పూసిన రంగును గీకి పారేసిన రోజు అది.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం హాయిగా ముగిసేది. కాని ఆపలేను. ఎందుకో వినండి.

4. బస్తాల మీద కూర్చున్న మనిషి

జీపు తయారయ్యాక మొదటిసారి గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్తున్నాను. దారిలో ఒక సవర ముసలాయన చెయ్యెత్తాడు. ఆపాను. ఆయన బండిని గుర్తుపట్టలేదు. కొత్త రంగు, కొత్త రేకు, ఎలా గుర్తుపడతాడు? కాని నేను "ఎక్కడికి తాతా?" అనగానే నా ముఖంలోకి చూశాడు.

"నువ్వు జీపు ఎనకాల ఏలాడీ కిలీనరు గుంటడివి కదూ? మమ్మల్ని బస్తాల మీద కూకోమని అరిసీవోడివి!"

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే నన్ను కాల్చింది.

నిజం. మా జీపులో ముందు సీటు పంతుళ్లకి, కంట్రాక్టర్లకి, వర్తకులకి. మధ్య సీటు కింది ఊళ్ల వాళ్లకి. కొండ మీద నుంచి వచ్చిన సవర వాళ్లు, జాతాపు వాళ్లు వెనకాల చింతపండు బస్తాల మీద, లేదంటే వేలాడుతూ. చార్జీ మాత్రం అందరికీ ఒకటే. ముందు వచ్చిన కొండ మనిషి సీట్లో కూర్చుంటే, తరువాత వచ్చిన పెద్దమనిషి కోసం లేపేసేవాణ్ణి. ఒకసారి జ్వరంతో ఉన్న మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడొకాయన. కంట్రాక్టరు వస్తున్నాడని దింపేశాను. వెనక కూడా చోటు లేకపోయింది. సాయంత్రం ట్రిప్పు దాకా రోడ్డు మీదే ఉండిపోయారు.

ఆయనే ఈయన.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కంట్రాక్టరు మా నాన్న పక్కన కూర్చుని ప్రయాణం చేసేవాడు గాని మా ఇంట్లో మంచినీళ్లు ముట్టేవాడు కాదు. మా పేటకు వచ్చినా అరుగు దిగువనే నిలబడేవాడు. అతను మమ్మల్ని ఎక్కడ నిలబెట్టాడో నాకు బాగా తెలుసు. ఆ మంట నాకుంది. అయినా అతని కోసం నాకంటే కింద ఉన్నాడనుకున్న మనిషిని లేపాను. బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత అంటే ఇదే. పై మెట్టు వాడు తన్నితే ఏడుస్తాం. కింది మెట్టు వాడి తల మీద మన కాలు ఉందని చూసుకోం.

ముసలాయన అలా అనగానే నా నాలుక మీదికి వచ్చిన మాట ఏమిటో తెలుసా? 'తాతా, అది ముప్పై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు నేను ఆ మనిషిని కాను. దీక్ష తీసుకున్నాను. నాది కొత్త జన్మ.'

ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట ఇంతకు ముందు ఎవరన్నారో గుర్తొచ్చింది.

5. మామిడిపళ్ల దొంగ

మిళింద పన్హలోనే ఒక దొంగ ఉన్నాడు. ఒకరి తోటలో మామిడిపళ్లు దొంగిలించి పట్టుబడ్డాడు. రాజు ముందు వాదిస్తాడు: ఈయన నాటింది వేరే మామిడి, నేను కోసింది వేరే మామిడి. నేనీయన పళ్లు తీసుకోలేదు, నాకు శిక్ష ఎందుకు? వాడికి శిక్ష పడాలా వద్దా అని నాగసేనుడు అడిగితే, పడాలనే అంటాడు మిళిందుడు. ఎందుకంటే నాటిన మామిడి లేకపోతే కోసిన మామిడి లేదు. ఒకటి ఇంకోదాని వల్లే వచ్చింది.

చూశారా? అనత్తను చెప్పిన నాగసేనుడే అనత్తను సాకుగా వాడుకునే దారి మూసేశాడు. నిన్నటి మనిషీ నేటి మనిషీ ఒక్కరే కాదు, అలాగని వేరేవారూ కాదు. మధ్యలో తెగని కారణాల గొలుసు ఉంది. నా చదువు ఆ జీపు డబ్బుతో వచ్చింది. ఆ డబ్బులో ఈ ముసలాయన చార్జీ ఉంది. సీటివ్వకుండా పుచ్చుకున్న చార్జీ. బి.ఏ. పట్టా నాది, ఆ పాత తప్పు మాత్రం ఇంకెవడిదో అంటే కుదురుతుందా?

అంగులిమాలుడి కథ మీకు తెలుసు. హంతకుడు భిక్షువయ్యాడు. ప్రసవవేదన పడుతున్న ఒక స్త్రీని చూసి అతని మనసు కరిగిపోయింది. ఆమె దగ్గర సత్యవాక్యం పలకమని బుద్ధుడు పంపిస్తే, ఆర్యజన్మ ఎత్తిన నాటి నుంచి తెలిసి ఏ ప్రాణినీ చంపలేదని పలికాడు. ఆ సత్యవాక్యంతో ఆమెకు సుఖప్రసవమైందన్న మహిమ సంగతి పక్కన పెట్టండి. హంతకుడి చేతులు ఇప్పుడు ఎటు చాచి ఉన్నాయో అది చూడండి. అతనిది కూడా కొత్త జన్మే. అయినా భిక్షకు వెళ్తే జనం రాళ్లు వేశారు. తల పగిలి నెత్తురోడుతూ వచ్చినవాడితో బుద్ధుడు ఏమన్నాడు? ఆ జనం దగ్గరికి వెళ్లి ఈయన కొత్త మనిషి, కొట్టకండని చెప్పలేదు. ఓర్చుకో, చేసినదాని ఫలం ఇక్కడే అనుభవిస్తున్నావన్నాడు.

నాకు పడింది రాయి కూడా కాదు, ఒక నవ్వు.

6. రంగు వేరు, తుప్పు వేరు

బంధువులారా, ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రంగు వేరు, తుప్పు వేరు.

కులం పేరుతో మన మీద పూసిన నీచత్వం రంగు. అది మనది కాదు. దాని గురించి సిగ్గుపడాల్సిందీ మనం కాదు. దీక్షతో దాన్ని గీకేశాం, మంచిది. కాని మనం చేసిన తప్పులు, మన చేతులకీ నోటికీ అలవాటైన దౌష్ట్యం, అవి తుప్పు. లోహంలోంచే పుట్టాయి. ధమ్మపదం మలవర్గంలో ఈ ఉపమానమే ఉంది. తుప్పు ఇనుములోనే పుట్టి ఆ ఇనుమునే తినేసినట్టు, తప్పు చేసినవాణ్ణి అతని పనులే దుర్గతికి లాగుతాయని దాని భావం. దాని మీద కొత్త రంగు వేస్తే పోదు. అది నీలం రంగయినా సరే.

మన పేటల్లోకి చూడండి. గోడ మీద బుద్ధుడు, బాబాసాహెబ్. కింద కూర్చుని కట్నం బేరం. పున్నమి రోజు పంచశీల చెప్పి, మర్నాడు తాగొచ్చి పెళ్లాం మీద చెయ్యెత్తడం. మాల, మాదిగ, రెల్లి, పైడి అని మనలో మనకే వేరు వేరు బంతులు. కొండ మీది మనిషిని 'ఒరే' అని పిలవడం. ఇవన్నీ లప్పం కింది తుప్పు. మొదటి వానకే బొబ్బలు లేస్తాయి. అప్పుడు లోకం మనల్ని చూసి నవ్వుతుంది. మనల్ని మాత్రమే కాదు, మనం పెట్టుకున్న ధమ్మచక్రాన్ని చూసి కూడా.

మేస్త్రి మాట మళ్లీ గుర్తు చేసుకోండి. కోసెయ్యాలి. కోస్తే చిల్లు కనిపిస్తుంది. కొన్నాళ్లు బండి చూడ్డానికి బాగోదు. ఆ చిల్లును నలుగురికీ కనిపించనివ్వడానికే గుండె కావాలి.

7. మరి బండి నంబరు?

మీలో కొందరు అడుగుతారు. బయటివాళ్లు మనల్ని గుచ్చే ప్రశ్న కూడా ఇదే. "కులం లేదంటారు, కొత్త జన్మ అంటారు. మరి కులం సర్టిఫికెట్టు ఎందుకు దాచుకున్నారు?"

జీపులో అన్నీ మార్చాను. ఛాసీ నంబరు మార్చలేదు, మార్చకూడదు కూడా. ఆర్.సి. పుస్తకం దాన్ని బట్టే ఉంటుంది. బండి మీద ఎవరికి బాకీ ఉంది, బండి వల్ల ఎవరికి నష్టం జరిగింది, అన్నీ ఆ నంబరు పట్టుకునే తేలుస్తారు. ఆ నంబరు బండి స్వభావం కాదు, అది లెక్క.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ప్రధానంగా హిందువులకే చోటిచ్చారు. 1956లో సిక్కులను చేర్చారు. బౌద్ధులను చేర్చడానికి 1990 దాకా పట్టింది. ధమ్మం తీసుకున్నంత మాత్రాన ఈ సమాజం మనకు పడిన బాకీ తీరిపోలేదని 1990 సవరణ ఒప్పుకున్నట్టయింది. సర్టిఫికెట్టు మన పుట్టుక మచ్చ కాదు, మనకు రావాల్సిన బాకీ పత్రం. "అదంతా మా తాతలు చేసింది, మాకేం సంబంధం" అనేవాళ్లకు మామిడిపళ్ల దొంగ కథ చెప్పండి. తాత నాటిన చెట్టు పళ్లు తింటూ చెట్టు మాది కాదనడం చెల్లదు.

కాని ఈ కథ వాళ్లకు చెప్పే హక్కు మనకు ఎప్పుడొస్తుంది? అదే కథ మనకు మనం చెప్పుకున్నాక. మనకు రావాల్సిన బాకీని గట్టిగా అడుగుదాం. మనం ఇవ్వాల్సిన బాకీని కూడా అంత గట్టిగా ఒప్పుకుందాం. వసూలుకి ఒక సిద్ధాంతం, చెల్లింపుకి ఇంకో సిద్ధాంతం ఉంటే అది ధమ్మం కాదు.

8. ముందు సీటు

ముసలాయన ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. నేను బండి దిగాను.

"తాతా, తప్పు చేశాను. ఆ పాపని, నిన్ను దింపేశాను. నాకు గుర్తుంది" అన్నాను. ఇంకేమీ రాలేదు.

ఆయన కాసేపు చూశాడు. "గుంట బాగానే ఉందిలే. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు" అన్నాడు. తరువాత బండి లోపలికి తొంగి చూసి, "అయితే ముందల కూకోనా?" అని అడిగాడు.

కూర్చున్నాడు. ఆయన ఊరి మలుపు దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు చార్జీ తీయబోయాడు. వద్దన్నాను. ఒక్క ట్రిప్పుతో నా బాకీ తీరిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. తీరలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలిసింది.

ఇప్పుడు మా సంఘం జీపుకు ఒకటే నియమం. ముందు ఎక్కినవారు ముందు కూర్చోవాలి. జబ్బుపడ్డవారు, గర్భిణులు ఎవరికంటే ముందైనా కూర్చోవచ్చు. ఎవరి కోసమూ ఎవర్నీ లేపకూడదు. మా సంఘం అధ్యక్షుడి కోసం కూడా. ఈ మధ్య ఒక రోజు ఆయన వెనక సీట్లో ఇరుక్కుని వచ్చారు. కొంచెం గొణిగారు. నేర్చుకుంటారు, నేనూ నేర్చుకుంటున్నాను.

రాజుల అలంకరించిన రథాలు కూడా జీర్ణమవుతాయని ధమ్మపదం జరావర్గం గుర్తు చేస్తుంది. మా జీపు ఎంత? ఇంకో పదేళ్లకు మళ్లీ తుప్పు పడుతుంది. మేస్త్రి ఆ రోజే చెప్పాడు: "తుప్పు ఒకసారి తీసేస్తే అయిపోదు బాబూ. ఏటా వానలకి ముందు కింద పడుకుని చూసుకోవాలి." మనకు ఉపోసథం ఎందుకు పెట్టారో ఇంతకంటే తేలిగ్గా నేను చెప్పలేను.

వచ్చే పున్నమికి వందనం అయ్యాక, వెంటనే లేచి వెళ్లకండి. పది నిమిషాలు కూర్చోండి. మీ మీద ఎవరు ఏ రంగు పూశారో లెక్క వేయడం మనకు బాగా వచ్చు. ఆ రోజు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోండి: నేను ఎవర్ని సీట్లోంచి లేపాను? ఒక ముఖం గుర్తొస్తుంది. తప్పకుండా వస్తుంది. ఆ మనిషి ఇంకా బతికి ఉంటే, మర్నాడే బయల్దేరండి.

జై భీమ్! నమో బుద్ధాయ!